కోతిపిల్ల... ఇంటి పిల్ల!

పొద్దున్నే అడవికెళ్లిన మగవాళ్లు కోతిని వేటాడి తెస్తారు. ఇంటిల్లిపాదీ కలిసి ఆ మాంసం తింటారు. అదే పొయ్యి పక్కన ఓ ఇల్లాలు తన చంటిబిడ్డతోపాటు ఓ కోతిపిల్లకూ చనుబాలు ఇస్తూ ఉంటుంది! ఇదెక్కడి విడ్డూరం అనిపిస్తోందా? బ్రెజిల్‌లోని మరన్యావ్ రాష్ట్రంలో, అమెజాన్ అడవుల తూర్పు కొసన బతికే అవా తెగవారికి ఇందులో విడ్డూరం ఏమీ లేదు. మొత్తం కలిపినా వాళ్లు సుమారు ఐదు వందల మంది. అందులో కొందరు ఇప్పటికీ బయటి మనిషి కంటపడకుండా అడవి లోపలే తిరుగుతున్నారు.

అవా వాళ్లు తరతరాలుగా వేట మీద బతికినవాళ్లు. కోతి మాంసం వాళ్లకు ముఖ్యమైన ఆహారం. అయితే వేటలో తల్లి చనిపోతే దాని పిల్లను అడవిలో వదిలేయరు. ఇంటికి తెచ్చుకుంటారు. ఇక అది వేట జంతువు కాదు, ఇంట్లో మనిషి! ఆడవాళ్లు దాన్ని తలమీద ఎక్కించుకుని పనులు చేసుకుంటారు. ఆడపిల్లలు కోతిపిల్లల్ని సాకుతూనే బిడ్డల పెంపకం నేర్చుకుంటారు. పెరిగి పెద్దదై అది మళ్లీ అడవిలోకి వెళ్లిపోయినా, గుర్తుపడితే చాలు... బాణం ఎక్కుపెట్టరు. పెంచిన చేత్తో చంపకూడదన్నది వాళ్ల నియమం. వాళ్లతో కలిసి ఉండి ఈ బంధాన్ని పరిశీలించిన మానవశాస్త్రవేత్త లోరెట్టా కార్మియర్ 2003లో దీనిమీద ఓ పుస్తకమే ప్రచురించారు.

చెట్లతోనూ అంతే అనుబంధం. మనకు తాటిచెట్టు ఎలాగో వాళ్లకు బబస్సు చెట్టు అలాగ. దాని గింజలు తింటారు, ఆకులతో గుడిసెలు కప్పుకుంటారు. టుకుమ్ అనే మరో చెట్టు నారతో ఉయ్యాలలు అల్లుకుంటారు.

పెండలం... బిడ్డలాంటిది

అడవిలోని ప్రాణులతో చుట్టరికం కలుపుకోవడం ఒక్క అవా వాళ్ల ఆచారమే కాదు. అదే అమెజాన్ అడవులకు పడమటి వైపున ఈక్వెడార్, పెరూ సరిహద్దుల్లో అచువార్ తెగ ఉంది. వాళ్ల ముఖ్యమైన పంట కర్రపెండలం. మన తూర్పుగోదావరిలో సగ్గుబియ్యం తయారుచేసేది దాంతోనే. అచువార్ స్త్రీలు ఆ మొక్కల్ని కన్నబిడ్డల్లా చూస్తారు, వాటికోసం పాటలు పాడుకుంటారు. మగవాళ్లు వేట జంతువుల్ని బావమరుదులుగా భావిస్తారు. 1970లలో వాళ్లమధ్య గడిపిన ఫ్రెంచి పరిశోధకుడు ఫిలిప్ డెస్కోలా ఈ సంగతులు రాశారు. ఇక్కడా వేట ఆగదు, కోత ఆగదు. కానీ బావమరిదితో వ్యవహారం కదా... అయినదానికీ కానిదానికీ చంపితే చుట్టరికం చెడుతుంది!

గొడ్డలి వేటు

ఈ లెక్కలేవీ బయటివాళ్లకు పట్టలేదు. అవా వాళ్లతో బ్రెజిల్ ప్రభుత్వానికి తొలి పరిచయం 1973లో ఏర్పడింది. ఇనుప ఖనిజం మోసే కరజాస్ రైలుమార్గం 1985లో మొదలైంది. దాని వెనకే పశువుల పెంపకందారులు, కలప దొంగలు వచ్చిపడ్డారు. బయటి రోగాలు చాలామందిని బలిగొన్నాయి. అవా వాళ్ల పేరిట లక్షా పదహారు వేల హెక్టార్ల అడవికి ప్రభుత్వం 2005లో చట్టబద్ధమైన రక్షణ కల్పించింది. ఆ తరవాతా గొడ్డలి ఆగలేదు. దాదాపు మూడోవంతు అడవి నరికివేతకు గురయ్యింది. చివరికి 2014లో సైన్యం సాయంతో ఆక్రమణదారుల్ని ఖాళీ చేయించారు. కాపలా సడలితే కలప దొంగలు మళ్లీ చొరబడతారన్న భయం మాత్రం పోలేదు.

చెట్టు పడితే పండు ఉండదు, పండు లేకపోతే కోతి ఉండదు. కోతులే లేకపోతే అవా ఇంట వేటా ఉండదు, సాకడానికి పిల్లా ఉండదు. తల్లిలేని కోతికూనకు అవా ఇల్లాలు పాలివ్వగలదు. అది పెరిగి పెద్దయ్యాక తిరిగి వెళ్లడానికి అడవి ఉండాలి. అది ఆమె ఒక్కతి చేతిలో లేదు.