ఛార్జర్ తీయాలా, ఫ్యాన్ మార్చాలా?

వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు రెండు వాదనలు తరచూ వినిపిస్తాయి. ప్రతి ఒక్కరూ అలవాట్లు మార్చుకుంటే భూతాపం తగ్గిపోతుందన్నది ఒకటి. ఉద్గారాలన్నీ కర్మాగారాలవీ విద్యుత్ కేంద్రాలవీ అయినప్పుడు నేనొక్కడిని మారితే ఒరిగేదేమిటన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అది ఎంతో తెలియాలంటే ఇంట్లోని రెండు వస్తువుల లెక్క చూద్దాం.

మన విద్యుత్తులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. అందుకే గ్రిడ్ నుంచి వాడే ఒక్కో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

ఫోన్ తీసేశాక కూడా స్విచ్ వేసి వదిలేసిన ఛార్జర్‌నే తీసుకోండి. ఇప్పటి మంచి ఛార్జర్ అలా ఖాళీగా ఉన్నప్పుడు 0.1 వాట్ వరకు తీసుకుంటుంది. ఏడాదంతా అలాగే ఉన్నా ఒక యూనిట్ కూడా కాలదు. అంటే సుమారు 600 గ్రాముల కార్బన్ డయాక్సైడ్.

ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్. పాత ఫ్యాన్ సాధారణంగా 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల లోపు చాలు. పాత ఫ్యాన్‌లో తిరిగే భాగంలోనూ విద్యుత్తును ప్రేరేపించాలి, అందులో కొంత వేడిగా పోతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో ఆ భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి ఆ నష్టం తప్పుతుంది. రోజుకు 12 గంటల చొప్పున 250 రోజులు తిరిగితే ఆదా 135 యూనిట్లు, అంటే దాదాపు 95 కిలోల కార్బన్ డయాక్సైడ్. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏటా 800 రూపాయలకు పైగా మిగులుతుంది.

రెండు పనులకూ తేడా 150 రెట్లకు పైనే. ఛార్జర్ తీయడం మంచి అలవాటే. కానీ దాంతో మన వంతు అయిపోయిందనుకుంటే లెక్క తప్పుతుంది.

ఇక రెండో వాదన. ‘కర్బన పాదముద్ర’ అన్న మాటకు 2000 దశకం మధ్యలో విస్తృత ప్రచారం కల్పించింది బీపీ అనే బ్రిటిష్ చమురు సంస్థే. బాధ్యతను వినియోగదారుడి మీదికి నెట్టే ప్రయత్నమన్న విమర్శ అందుకే వచ్చింది. కరెంటు బొగ్గు నుంచి రావాలా, ఎండ నుంచి రావాలా అన్నది ఏ గృహస్థుడూ ఒంటరిగా నిర్ణయించలేడు. అది విధానాల పని.

అయితే విధానం కూడా ఇంటి గడప దాటాకే ఫలిస్తుంది. 2015లో మొదలైన ఉజాలా పథకంలో ప్రభుత్వ రంగ సంస్థ ఒకటి ఎల్ఈడీ బల్బులను పెద్ద మొత్తంలో కొనడంతో ధర బాగా పడిపోయింది. 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. ధర తగ్గించింది ప్రభుత్వం, కొని బిగించుకున్నది జనం. ఏ ఒక్కరు లేకపోయినా ఆ ఫలితం లేదు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేయడం కూడా అలాంటిదే.

బాధ్యత అందరికీ ఒకే కొలత కాదన్నది కూడా మరవకూడదు. శిలాజ ఇంధనాల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో భారతీయుడి సగటు వాటా ఏటా సుమారు 2 టన్నులు. ప్రపంచ సగటు అందుకు రెట్టింపు కన్నా ఎక్కువ, అమెరికా సగటు దాదాపు ఏడు రెట్లు. మన దేశంలోనూ రేకుల ఇంట్లో ఒక్క ఫ్యాన్‌తో వేసవి గడిపే కుటుంబమూ, గదికో ఏసీ ఉన్న కుటుంబమూ ఒకటి కాదు. మొదటివారికి కావలసింది ఇంకాస్త చల్లదనం. పొదుపు పాఠం రెండోవారికి. ఏసీని ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది.

బాగా తిరుగుతున్న ఫ్యాన్లన్నీ రేపే పీకేయనక్కర్లేదు. ఎక్కువ గంటలు తిరిగేదాన్ని ముందు మార్చండి, మిగతావి పాడైనప్పుడు చూడొచ్చు. కొనేటప్పుడు ధరతో పాటు వాట్లు, స్టార్లు కూడా చదవండి. చేతిలో ఉన్నది చేస్తూనే, చేతిలో లేనిదాన్ని పాలకులను అడగడం కూడా మన బాధ్యతలో భాగమే.