నాన్నా? బంగాళాదుంపా?

లాటిన్ అమెరికాలో స్పానిష్ మాట్లాడేవారు నాన్నను పిలవాలంటే కాస్త జాగ్రత్త కావాలి! 'పపా' అన్న మాటలో రెండవ అక్షరాన్ని నొక్కి పలికితే నాన్న. మొదటి అక్షరాన్ని నొక్కితే బంగాళాదుంప!

మనకు 'పడు' వేరు, 'పాడు' వేరు. హ్రస్వదీర్ఘాలతో అర్థం మారుతుంది. వారికి ఊనికతో మారుతుంది. 'తెర్మినో' అన్నప్పుడు చివర ఊనిక పడితే 'ముగించాడు', మధ్యన పడితే 'ముగిస్తాను'.

మరి ఊనిక ఎక్కడో తెలిసేదెలా? నియమం సులువే. మాట అచ్చుతో గాని, న్, స్ లతో గాని ముగిస్తే చివరినుంచి రెండవ అక్షరం మీద. తక్కిన హల్లులతో ముగిస్తే చివరి అక్షరం మీద. ఈ నియమానికి లొంగని మాటల్లో ఊనిక గల అచ్చు నెత్తిన చిన్న గీత గీస్తారు. అందుకే ఎన్నడూ వినని మాటనైనా చూడగానే ఊనిక తెలిసిపోతుంది.

ఉత్తరంలో ఆ గీత మరిచారో, నాన్నగారు బంగాళాదుంప అయిపోయినట్లే!