పల్లె బడిలో తుపాకి జాగ్రత్త

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో పిల్లల కంటబడే ఆయుధాలు చాలావరకు దొంగచాటువి. అటక మీదో గడ్డివాములోనో దాచిన నాటు తుపాకి, చేను గెట్టున అడవిపంది కోసం పెట్టిన బాంబు, అదే పంది కోసం రాత్రిపూట పరిచిన కరెంటు తీగ. వీటి దగ్గర హెచ్చరిక బోర్డు ఉండదు, ఇంట్లో పెద్దలు కూడా నోరు విప్పరు. అందుకే అమెరికాలో ఇంటి బీరువాలోని తుపాకి గురించి చెప్పే పాఠాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడి బడిలో చెబితే సగమే పనికొస్తుంది.

ఈ నేలకు తుపాకి కొత్త కాదు. తెలంగాణ రైతాంగ పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత ఊరూరా లేచిన గ్రామరక్షక దళాల చేతుల్లో వడిసెలలు, బర్మారు తుపాకులు ఉండేవి. పాత జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లి బురుజు కట్టుకుని నిజాం వైపు నిలిచిన రజాకార్లను తిప్పికొట్టింది, చివరికి 1948 ఆగస్టు 27న పెద్ద బలగం విరుచుకుపడితే బలైపోయింది. ఆ తెగువ చెప్పుకోదగ్గదే, పిల్లలకు చెప్పాల్సిందే. బర్మారు సంగతి కూడా దాంతోపాటే చెప్పాలి. గొట్టం మూతి నుంచి మందు, సీసపు గుళ్లు కూరి పేల్చే ఆ రకం తుపాకి ఇప్పటికీ వేటగాళ్ల దగ్గర అప్పుడప్పుడు పట్టుబడుతూనే ఉంది. అందులో మందు కూరి ఉందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. తుప్పు పట్టిందనీ, తాత కాలం నాటిదనీ నిర్భయంగా ముట్టుకునే పిల్లవాడికి ఆ ఒక్క సంగతి తెలిసి ఉండాలి.

పంది బాంబు ఇంకా మోసకారి. నిమ్మకాయంత ఉండ, చుట్టూ దారం, పైన కొవ్వో పేగో పూత. పంది కొరికితే పేలుతుంది. చెత్త ఉండలా కనిపించే దాన్ని పిల్లలు బంతి అనుకుని తీస్తారు, రాయిపెట్టి కొడతారు, కుక్క నోటికి అందిస్తారు. పాకాల అడవిని ఆనుకున్న గూడూరు, కొత్తగూడ మండలాల్లోనూ, భూపాలపల్లి వైపు మహాముత్తారం, పలిమెల లాంటి చోట్లా పశువుల వెంట, తునికాకు కోసం, కట్టెల కోసం పిల్లలు అడవికి పోవడం మామూలే. వారికి ఈ ఉండ ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపించాలి. ఎలా చేస్తారో మాత్రం చెప్పకూడదు. ఈ గీత దాటే ఉపాధ్యాయులు ఉత్సాహం కొద్దీ దాటుతుంటారు.

కరెంటు తీగ తుపాకి కాకపోయినా పాఠంలోంచి తప్పించలేం. పెద్దలకే అది కనబడదు. 2024 ఫిబ్రవరిలో కాటారం మండలం నస్తూరుపల్లి అడవిలో గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు వేటగాళ్లు పెట్టిన తీగ తగిలి చనిపోయారు. శిక్షణ పొందిన జవానుకే అలా జరిగితే చీకటితో చేలోకి వెళ్లే బడిపిల్ల సంగతేమిటి? 2019 వరకు భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న ములుగు ప్రాంతంలో మందుపాతరల బెడద వీటికి అదనం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబితే చాలు. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి తుపాకి లైసెన్సు ఉండదు. లైసెన్సు లేకుండా తుపాకో తూటానో ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. శిక్షకుల పర్యవేక్షణలో గురి నేర్చుకోవడానికి వేరే దారి ఉంది. ఎన్‌సీసీ శిబిరాల్లో పిల్లలు పాయింట్ టూ టూ రైఫిల్ పట్టేది అలాగే. లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచిన ఈషా సింగ్ హైదరాబాద్ గడ్డ మీద ఎదిగినవాళ్లే. తుపాకి మీద మోజున్న పిల్లవాడికి ఈ పేర్లు చెబితే ఆ మోజు సరైన చోటికి మళ్లుతుంది.

ఇక పాఠం చెప్పే తీరు. ఆగు, ముట్టుకోకు, దూరం జరుగు, పెద్దలకు చెప్పు అనే నాలుగు మాటల సూత్రాన్ని అమెరికాలో 1988 నుంచి చిన్నపిల్లలకు నేర్పుతున్నారు. అయితే ఆ మాటలు గడగడా అప్పజెప్పిన పిల్లలే నిజంగా తుపాకి కనబడ్డప్పుడు తీసి చూశారని అక్కడి పరిశోధకులు 2004లో పీడియాట్రిక్స్ పత్రికలో రాశారు. నోటితో చెప్పించడం కన్నా చేయించి చూపించి, తప్పితే అక్కడికక్కడే సరిదిద్దడం మెరుగని వారు తేల్చారు. మన బడిలో ఇది కష్టమేమీ కాదు. బంకమట్టి ఉండకు దారం చుట్టి ఆటస్థలం అంచున పెట్టి, పిల్లలకు ముందుగా చెప్పకుండా అటు పంపి గమనించాలి. చేతికి తీసిన పిల్లను నలుగురిలో తిట్టకూడదు. మళ్లీ నడిపించాలి, ఈసారి ఆగేలా, వెనక్కి జరిగేలా, టీచరు దగ్గరికి వచ్చి చెప్పేలా. తండా పిల్లలకు లంబాడీలో, గూడెం పిల్లలకు కోయలో ఈ నాలుగు మాటలు రావాలి.

అసలు చిక్కు నాలుగో మాట దగ్గరుంది. పెద్దలకు చెప్పమంటాం, దాచింది ఆ పెద్దలే అయితే? నాన్న జైలుకు పోతాడేమోనని పిల్ల నోరు మూసుకుంటుంది. ఇక్కడ టీచరు ఎవరిదని అడగనని మాటిచ్చి ఎక్కడుందో మాత్రమే అడగాలి. ఆ చోటుకు తాను కూడా వెళ్లకుండా 112కు ఫోన్ చేయాలి. పిల్ల భయపడుతుంటే 1098 బాలల హెల్ప్‌లైన్ ఉంది.

సొంతూరి బడికి ఏదైనా చేయాలనే ప్రవాసులు ఒక్క విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. పిల్లలకు చూపిద్దామని తూటాలు, ఖాళీ తొడుగులు, శిక్షణకు వాడే డమ్మీ తూటాలు సూట్‌కేసులో పెట్టుకుని రావొద్దు. తూటా భాగాలు కూడా చట్టంలోని మందుగుండు నిర్వచనంలోకే వస్తాయి. తేవాలనే ఉద్దేశం లేకపోయినా ప్రమాదమే. టెక్సస్‌లోనో జార్జియాలోనో షూటింగ్ రేంజికి తీసుకెళ్లిన బ్యాగునే ప్రయాణానికి సర్దుతారు, అడుగు అరలో ఒక తూటా ఉండిపోతుంది, శంషాబాద్ ఎక్స్‌రేలో బయటపడుతుంది. కేసు, స్టేషను, వాయిదా, తప్పిపోయిన తిరుగు విమానం. తెలిసి దగ్గర పెట్టుకున్నదే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో వివరించింది, తెలియక తూటా ఉండిపోయిన కేసులు కొట్టేసిన హైకోర్టులూ ఉన్నాయి. అయితే ఆ తీర్పు వచ్చేదాకా సెలవు ఎవరిస్తారు? రేంజి బ్యాగు రేంజికే ఉంచాలి. ప్రయాణపు బ్యాగులను ప్రతి అరా తిరగేసి దులపాలి, జాకెట్ జేబులు, పిల్లల బడిసంచులు, తూటాతో చేసిన కీచెయిన్లు సహా. అచ్చం తుపాకిలా ఉండే బొమ్మ కూడా చేతిసంచిలో వద్దు. బడికి కావాల్సినవి బొమ్మల చార్టులు, టార్చిలైట్లు.

విదేశంలో తుపాకి ఉన్న తెలుగిళ్లకు దసరా మంచి సందర్భం. పాండవులు ఆయుధాలను పిల్లలకు, దారినపోయేవారికి అందనంత ఎత్తున జమ్మిచెట్టు మీద కట్టి, శవమని నమ్మించి దూరం పెట్టారు. జమ్మి ఆకు చేతిలో పెట్టేటప్పుడు ఆ కథ పిల్లలకు చెప్పాలి, ఆ రోజే తుపాకి ఖాళీ చేసి తాళం వేసి ఉందా, తూటాలు వేరే తాళంలో ఉన్నాయా అని పెద్దలు చూసుకోవాలి.

పల్లె బడిలో ఈ పాఠం ఏడాదికి రెండుసార్లు జరగాలి. మక్క కంకి పాలు పోసుకునే వేళకు పందులు చేలమీద పడతాయి, వాటి వెంటే బాంబులు, తీగలు వస్తాయి. కాబట్టి వానాకాలం పంటకు ఆగస్టులో, యాసంగికి జనవరి మొదట్లో. డిసెంబరు సెలవులకు ఊరికి వచ్చేవారు నాలుగు రోజులు ఆగితే రెండో పాఠానికి అందుతారు. హెడ్మాస్టరుతో ముందే మాట్లాడుకుని, స్థానిక పోలీసు అధికారిని, అటవీ బీట్ ఆఫీసరును పిలిపిస్తే బొమ్మల్లో లేని ఊరి సంగతులు వాళ్లే చెబుతారు.