ర్యాంకు వచ్చింది సరే... సీటొచ్చిందా?

ఉస్మాన్‌గంజ్‌లో జూన్ వచ్చిందంటే రెండు లెక్కలు నడుస్తుంటాయి. ఒకటి గోదాముల్లో సరుకు లెక్క, రెండోది పిల్లల చదువు లెక్క. బస్తాలు మోసే హమాలీ అయినా, ట్రాలీ ఆటో నడిపే డ్రైవరయినా, హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా అయినా... ఇంట్లో చురుకైన పిల్లో పిల్లాడో ఉంటే ప్రశ్న ఒకటే. ‘కార్పొరేట్ కాలేజీకి లక్షలు ఏడికెళ్లి తెస్తం? గురుకులంల చేరిస్తే ఐఐటీ వస్తదా?’

రావచ్చు. అయితే ఆ ‘వస్తుంది’ అన్న మాటలో రెండు మూడు మెట్లున్నాయి. ఫ్లెక్సీల మీద కనిపించేది మొదటి మెట్టే.

ఏరి తీసుకున్న పిల్లలు

తెలుగునాట గురుకులాల కథ 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. అక్కడి నుంచి నాగార్జునసాగర్ గురుకుల జూనియర్ కాలేజీ మీదుగా, గచ్చిబౌలి దాటాక వచ్చే గౌలిదొడ్డి ఐఐటీ-మెడికల్ అకాడమీ దాకా ఆ దారి సాగింది. గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీది. అక్కడ చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. అంటే లోపలికి వచ్చేదే ఏరిన పిల్లలన్నమాట.

మరి వచ్చిన ఫలితం బడి గొప్పా, పిల్లల గొప్పా? ఇదే సందేహం అమెరికాలో ముగ్గురు ఆర్థికవేత్తలకు వచ్చింది. వాళ్లలో ఒకరైన జాషువా ఆంగ్రిస్ట్ తర్వాత 2021లో నోబెల్ అందుకున్నారు. న్యూయార్క్, బోస్టన్‌లలో పరీక్ష పెట్టి చేర్చుకునే పేరున్న హైస్కూళ్లలో కటాఫ్‌కు అటూ ఇటూ నిలిచిన పిల్లల్ని వాళ్లు పోల్చి చూశారు. కొద్దిలో సీటు దొరికినవాళ్లకూ, కొద్దిలో తప్పిపోయినవాళ్లకూ తర్వాతి పరీక్షల్లో పెద్ద తేడా కనిపించలేదు. 2014లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పే మాట సూటిగా ఉంటుంది: బడి పేరు చూసి మోసపోకండి.

మన దగ్గర ఇంకో కోణం కూడా ఉంది. సీటు తప్పిన పిల్లాడికి అక్కడ ఇంకో మంచి హైస్కూలు దొరుకుతుంది. ఒక్క గదిలో అయిదుగురు పడుకునే ఇంటి పిల్లకు గురుకులం ఇచ్చేది పాఠం ఒక్కటే కాదు. మూడు పూటలా తిండి, పడుకోవడానికి మంచం, రాత్రి చదువుకోవడానికి లైటు కూడా. ఆ విలువ ఏ ర్యాంకుల పట్టికలోనూ కనపడదు.

ర్యాంకు వేరు, సీటు వేరు

2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,200 మంది. అర్హత పొందినవాళ్లు 48,248 మంది. మొత్తం 23 ఐఐటీల్లో ఆ ఏడాది ఉన్న సీట్లు 17,740. అంటే ‘అడ్వాన్స్‌డ్‌లో అర్హత’ అని ఫొటో వేయించుకున్న ముగ్గురిలో ఇద్దరికి దాదాపుగా ఐఐటీ సీటు లేనట్టే.

సీటొచ్చినా అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. జోసా కౌన్సెలింగ్‌లో కాగితాలు అప్‌లోడ్ చేయాలి, గడువులోగా ఫీజు కట్టాలి. 2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఓ దినకూలీ కొడుక్కి ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ సీటొచ్చింది. 24వ తేదీ సాయంత్రం 5 గంటల్లోగా రూ.17,500 కట్టాలి. ఆ డబ్బు సర్దేసరికి పోర్టల్ మూసుకుపోయింది! చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. సెప్టెంబర్ 30న కోర్టు 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారంతో ఆ కుర్రాణ్ని చేర్చుకోమని ఆదేశించింది. అందరికీ సుప్రీంకోర్టు అందుబాటులో ఉండదు కదా!

సర్టిఫికెట్ల దగ్గర జాగ్రత్త

పాతబస్తీలో చాలామంది తడబడేది ఇక్కడే. రాష్ట్రంలో బీసీ-ఇ కింద వచ్చే వర్గాలన్నీ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండవు. మీసేవలో ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ ఈఏపీసెట్‌కు పనికొచ్చింది కదా అని ఇక్కడా పెడితే కుదరదు. కేంద్ర జాబితాలో పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే, ఆదాయం, ఆస్తి షరతులు సరిపోయినవాళ్లు ఈడబ్ల్యూఎస్‌కు ప్రయత్నించవచ్చు. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే చెల్లుతాయి. కాబట్టి ఫలితాలు వచ్చాక పరిగెత్తడం కాదు, ఏప్రిల్‌లోనే అప్లై చేసి పెట్టుకోవాలి.

ఖర్చు సంగతీ తెలుసుకోవాలి. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు 2016 నుంచి ఏడాదికి రూ.2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం లక్షలోపు ఉంటే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. హాస్టల్, మెస్ ఖర్చు, రైలు చార్జీలు, లాప్‌టాప్ మాత్రం ఇంటి మీద పడేవే.

చేరిన తర్వాత?

2023 డిసెంబర్‌లో కేంద్రం లోక్‌సభకు చెప్పిన లెక్క ప్రకారం, అయిదేళ్లలో కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి మధ్యలో వెళ్లిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,600 మందికి పైనే. వేరే కోర్సుకో, కాలేజీకో మారినవాళ్లూ అందులో ఉన్నారని సర్కారు చెప్పింది. అయినా చిన్న సంఖ్య కాదది. తెలుగులోనో ఉర్దూలోనో ఆలోచించే పిల్లలకు మొదటి సెమిస్టర్ ఇంగ్లిష్ లెక్చర్లు గోడలా అడ్డొస్తాయి. అప్పుడు ఫోన్ చేస్తే పలికే సీనియర్ ఒక్కరున్నా ఎంతో ధైర్యం.

చేర్చే ముందు అడగండి

• ఇంటర్లో ఎంతమంది చేరారు? అందులో ఎంతమంది జేఈఈ రాశారు?
• ర్యాంకులు సరే, ఐఐటీ, ఎన్‌ఐటీల్లో నిజంగా చేరినవాళ్లు ఎంతమంది?
• సీటు రానివాళ్లు ఎక్కడికి వెళ్లారు? ఓయూ, జేఎన్‌టీయూ కాలేజీల్లో చేరినవాళ్లనూ లెక్కపెడుతున్నారా?
• కౌన్సెలింగ్ రోజుల్లో పక్కన కూర్చుని ఫారాలు నింపించేది ఎవరు?
• సీటు ఫీజుకు వెంటనే డబ్బు లేకపోతే సొసైటీ సర్దుతుందా?
• వెళ్లిన పిల్లలు రెండో ఏడాదిలో కూడా అక్కడే ఉన్నారా?

ఇవి అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గంజ్‌లో బస్తా దించుకునే ముందు తూకం చూసుకుంటాం కదా, ఇదీ అంతే.