అగ్నిమాపక దళానికి ఆకాశంలో చోటు

పౌనఃపున్యం అనగానే విద్యార్థులకు భౌతికశాస్త్ర పరీక్ష జ్ఞాపకం రావచ్చును. కాని మండుతున్న మేడలో చిక్కుకొన్న అగ్నిమాపక భటుని మాట వెలుపలివారికి వినబడుటకూడ దానిపైననే ఆధారపడి ఉన్నది. ఒకేచోట, ఒకే పౌనఃపున్యంపై ఇద్దరు ప్రసారం చేస్తే ఇద్దరి మాటా చెడుతుంది. కనుక పొలానికివలె తరంగాలకు కూడ హద్దులు వేయక తప్పదు.

అమెరికాలో 1970 దశకం నుండి న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజిలిస్ మొదలైన పదకొండు మహానగర ప్రాంతాలలో పోలీసు, అగ్నిమాపక దళాలు 470-512 మెగాహెర్ట్జ్ మధ్య, టెలివిజన్ వాడని చోట తమ రేడియోలు నడుపుకొంటున్నవి. ఈ తరంగాలు కట్టడాలలోనికి చక్కగా చొచ్చుకొనిపోతాయి.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో పోలీసు హెలికాప్టర్ల హెచ్చరికలు వేరే రేడియోలు వాడుతున్న అగ్నిమాపకుల చెవిన పడలేదు. ఆ అనుభవం వెనుక ఉండగా, 2012లో అమెరికా కాంగ్రెసు రక్షణ సేవలకై దేశవ్యాప్తమైన ఒక యంత్రాంగాన్ని నెలకొల్పి, 700 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో దానికి చోటిచ్చింది. మంచిదే. అయితే ఆ చట్టమే పాత చోటును 2021లో వేలం వేయాలని కూడ ఆదేశించింది! కుడిచేత పెట్టి ఎడమచేత లాగుకొన్నట్లయినది.

కొత్త యంత్రాంగం పటాలను, దృశ్యాలను చేరవేయుటలో దిట్ట. గోపురం కూలినప్పుడుకూడ చేతి రేడియో నుండి చేతి రేడియోకు నేరుగా మాట చేర్చుటకు మాత్రం పాత తరంగాలే దిక్కు. తరలింపు ఖర్చు 500 నుండి 600 కోట్ల డాలర్లని ప్రభుత్వపు లెక్క. కొన్ని నగరాలలో తరలిపోవుటకు వేరు చోటే లేదు. వేలంపాటలో వచ్చే ధనం ఈ ఖర్చుకు చాలునా అన్న ప్రశ్న మొదటనే పుట్టవలసినది. ఎనిమిదేండ్లు పట్టినది: 2020 డిసెంబరులో కాంగ్రెసు ఆ నిబంధనను రద్దు చేసింది.