గ్యాస్ లీకైతే ముందు వెళ్లేది వాళ్లే.. మరి వాళ్లకు రక్షణ ఏది?

గ్యాస్ లీకైందంటే చాలు.. జనమంతా బయటికి పరుగులు తీస్తారు. ఫైర్ సిబ్బంది, పోలీసులు, అంబులెన్స్ సిబ్బంది మాత్రం అటువైపే వెళ్తారు. అందుకే కెమికల్ ప్రమాదాల్లో కాపాడటానికి వెళ్లినవాళ్లే ఆస్పత్రి పాలవుతున్నారు. కొన్నిసార్లు ప్రాణాలే పోతున్నాయి. ఎందుకిలా?

లోపల ఏముందో తెలియక..

2015 ఆగస్టు 12న చైనాలోని టియాంజిన్ పోర్టులో కెమికల్ గోదాం అంటుకుంది. సిబ్బంది మంటలు ఆర్పుతుండగానే భారీ పేలుళ్లు జరిగాయి. చనిపోయిన, గల్లంతైన 173 మందిలో 104 మంది ఫైర్ సిబ్బందే. మరో 11 మంది పోలీసులు. 2013లో అమెరికాలోని టెక్సాస్‌లో ఎరువుల గోదాం పేలినప్పుడూ ఇంతే. మృతులు 15 మంది.. వారిలో ఎక్కువ మంది మంటలార్పడానికి వెళ్లినవాళ్లే.

బట్టల నుంచి కూడా విషం

1995లో టోక్యో మెట్రోలో సారిన్ దాడి జరిగింది. బాధితుల బట్టలకు అంటిన విషం తలుపులు మూసిన అంబులెన్స్‌లలో ఆవిరైంది. మొత్తం 135 మంది అంబులెన్స్ సిబ్బందికి చికిత్స చేయాల్సి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టర్లు, నర్సులకూ కళ్లు మసకబారాయి.

మాస్క్ పెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. గుడ్డ మాస్క్, ఎన్-95 మాస్క్ గ్యాస్‌ను ఆపలేవు. 2020 మే 7న విశాఖలో 12 మందిని బలి తీసుకున్న స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువైనది. క్లోరిన్ కూడా అంతే. ఇవి నేలను అంటిపెట్టుకుని ఉంటాయి. కిందపడినవారిని లేపడానికి వంగితే ఆ విషమే పీల్చాల్సి వస్తుంది. అందుకే సొంత గాలి సిలిండర్ ఉన్న బ్రీతింగ్ సెట్ తప్పనిసరి.

ఏం చేయాలి?

* గాలి ఎటు నుంచి వీస్తోందో అటు నుంచే వెళ్లాలి.
* ముందుగా ట్యాంకర్‌పై ఉన్న యూఎన్ నంబర్ చూడాలి. 1005 అంటే అమోనియా, 1017 అంటే క్లోరిన్.
* బాధితుల బట్టలు తీసేసి, ఒళ్లు నీళ్లతో కడిగాకే అంబులెన్స్ ఎక్కించాలి.

మీ కళ్ల ముందే లీకేజీ జరిగితే వీడియో కోసం దగ్గరికి వెళ్లొద్దు. దూరంగా వెళ్లాకే 112కి ఫోన్ చేయండి. ట్యాంకర్ నంబర్ దూరం నుంచి కనిపించి ఉంటే అదీ చెప్పండి. ఆ ఒక్క నంబర్ చాలు.. వచ్చేవాళ్లు ఏ జాగ్రత్తతో రావాలో తెలుస్తుంది.