ఒకే సర్వరుపై డేటాబేసును, తక్కిన పనులను నడుపు విధము

ఎరువుల పంపిణీ దినములలో సంఘపు కౌంటరువద్ద గంటలకొలది నిలువవలసి వచ్చుచున్నదేల యని సభ్యులు పలువురు మమ్ము నడిగిరి. కొందఱు గుమాస్తాను నిందించిరి. కొందఱు యంత్రము ముసలిదైనదనిరి. మేము పోయి చూచిన యొక సంఘమున గుమాస్తాయందు దోషము లేదు, యంత్రమునందును లేదు. మెమరీ పంపకము సరిగా లేదు, అంతే.

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల ఖాతాలను ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేరులోనికి దెచ్చు కార్యమునకు 2022లో కేంద్ర ప్రభుత్వ మామోదము లభించినది. అందు జేరిన ఖాతాల సంగతి యిచ్చట జెప్పుట లేదు. ఎరువుల దుకాణము, గిడ్డంగి, మిల్లు మొదలగువాని లెక్కలను తమ కార్యాలయపు సర్వరునందే యుంచుకొను సంఘములకొఱకు ఇది వ్రాయుచున్నాము.

సర్వరునందు సమాచార ముండు తావులు రెండు. డిస్కు గిడ్డంగి వంటిది. విశాలమే కాని పోయి తెచ్చుట కాలస్యము. మెమరీ కార్యాలయపు అరుగు వంటిది. ఇఱుకే కాని చేయి చాచిన నందును. మైక్రోసాఫ్టు వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ అను డేటాబేసు ఒక రైతు ఖాతాను గిడ్డంగినుండి తెచ్చిన పిదప వెంటనే తిరిగి పంపదు. మరల నెవరైన నడుగుదురేమో యని అరుగుమీదనే యుంచుకొనును. ఇట్లు అరుగు నిండువఱకు పేర్చుచుండును. ఇది రోగము గాదు, దాని స్వభావము. మనము హద్దు చెప్పనిచో దానికి గల హద్దు 2,14,74,83,647 మెగాబైట్లు. అంత మెమరీ మన సంఘములకు కలలోనైనను రాదు గనుక హద్దు లేదనియే యర్థము.

యంత్రమంతయు దానిదే యైనచో ఈ స్వభావము మేలే. కాని ఆ యంత్రమే దస్త్రములను, ఈమెయిలును, ముద్రణ పనిని మోయవలసినప్పుడు చిక్కు గలుగును. చిన్న వ్యాపారులకొఱకు వెలువడిన స్మాల్ బిజినెస్ సర్వర్ 2003 కూర్పు 4 గిగాబైట్లకు మించిన మెమరీని వాడుకొనలేదు; ఈమెయిలు, దస్త్రములు, డేటాబేసు అన్నియు నందే సర్దుకొనవలసి యుండెను. ఆ సరకు 2011 నాటి కూర్పుతో ముగిసినది గాని జగడము ముగియలేదు. అరుగు నిండినప్పుడు విండోసు హెచ్చరిక చేయును, డేటాబేసు కొంత విడుచును. ఆ లోపల నితరుల సామగ్రి డిస్కుమీదికి నెట్టబడును. కౌంటరువద్ద రసీదు రాక నిలిచిపోవునది అప్పుడే.

పైన జెప్పిన సంఘమున గుమాస్తా సర్వరును మూడు దినముల కొకమాఱు ఆపి మరల నడుపుచుండెను. ఆ పూట అరుగు ఖాళీయై తక్కిన పనులు చుఱుకుగా సాగును. కాని ఖాతాలన్నియు మరల గిడ్డంగినుండియే రావలెను గావున మొదటి గంట డేటాబేసు నెమ్మదించును. నాలుగవ దినమునకు కథ మొదటికి వచ్చును. సరఫరాదారు సలహాపై సంఘము ధనము వెచ్చించి 8 గిగాబైట్ల మెమరీని 16 చేసినది. డేటాబేసు ఆ క్రొత్త మెమరీని గూడ నాక్రమించుకొన్నది. సభ్యుల వాటా ధన మిట్లు పోవుట చూచియే మేము కలము పట్టితిమి.

రద్దీ వేళ టాస్క్ మేనేజరు తెఱచి చూడగా విండోసునకును, డేటాబేసు గాక తక్కిన ప్రోగ్రాములకును 6 గిగాబైట్లు కావలసి యున్నవి. పోగా మిగిలినవి 10. ఇట్లు మిగిలినదానిలో నూటికి 75 పాళ్లు డేటాబేసున కీయవచ్చునని మైక్రోసాఫ్టు వారి సలహా. అనగా 7.5 గిగాబైట్లు, మెగాబైట్లలో 7,680. తక్కిన పాలు వృథా గాదు. ఈ హద్దునకు వెలుపల గూడ డేటాబేసు కొంత వాడుకొనును. మేనేజ్‌మెంట్ స్టూడియోలో సర్వరు ప్రాపర్టీస్ తెఱచి, మెమరీ పుటలో మాక్సిమమ్ సర్వర్ మెమరీ యనుచోట ఈ యంకె వ్రాయవలెను. యంత్రము నాపనక్కఱలేదు, వెంటనే యమలులోనికి వచ్చును.

ఇచ్చట జాగ్రత్త యవసరము. అంకె మెగాబైట్లలో నుండవలెను. గిగాబైట్ల లెక్కలో 8 అని వ్రాయరాదు. హద్దు మిక్కిలి తక్కువైనచో డేటాబేసు మరల ప్రారంభము గాకపోవచ్చును. అప్పుడు మైనస్ ఎఫ్ అను గుర్తుతో దానిని నడిపి హద్దు సవరింపవలెను. ఆ పని తెలిసినవారికే విడువుడు.

పాత లెక్కల ప్రోగ్రాములు ఉచితమైన ఎక్స్‌ప్రెస్ డేటాబేసును తమతో దెచ్చి, తాము పోయినను దానిని వెనుక విడుచుట కలదు. 2016 కూర్పునుండి అట్టి దొక్కొక్కటి ఖాతాల నిలువకే 1,410 మెగాబైట్లవఱకు దీసికొనవచ్చును. రెండు మూడున్నచో ప్రతిదియు యంత్రము తనదే యనుకొనును. పనికిరానివానిని ఆపివేయుడు, పనికివచ్చువాని హద్దులను కూడి లెక్కింపుడు.

పోస్ట్‌గ్రెస్ వాడు సంఘములకు చిక్కు వేఱు. దాని ఉమ్మడి నిలువకు మొదట నుండు హద్దు 128 మెగాబైట్లే. కాని వర్క్ మెమ్ అను నంకె ఒక్కొక్క క్రమబద్ధీకరణ పనికి వేఱువేఱుగా వర్తించును గనుక, దానిని పెంచినచో పదిమంది యొకేసారి పట్టికలు దీయునప్పుడు మెమరీ హరించిపోవును.

హద్దు పెట్టిన పిదప ఒక వారము, ముఖ్యముగా పంపిణీ దినమున, ఖాళీ మెమరీ యెంత మిగులుచున్నదో గుమాస్తా చీటీపై వ్రాసి యుంచవలెను. ఆ చీటీ చూపని సరఫరాదారు క్రొత్త మెమరీ కొనుడన్నచో పాలకవర్గము వారు సమ్మతింపరాదని మా యభిప్రాయము.